డ్యూటీకి రాని మనిషికి చెయ్యి కాలిన సంగతి

కార్మికుల ఆరోగ్య, భద్రతా అధికారి గారి సముఖమునకు,
దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీలో ఊడ్చే ముసలామె చెప్పి రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఇస్త్రీ మిషనులో నా కోడలి కుడిచెయ్యి కాలుట, ఆ రోజు ఆమె అసలు డ్యూటీకే రాలేదని కంపెనీ వారు తేల్చుట, అందువలన బీమా వైద్యం ఆగిపోవుట గురించి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా ఇళ్ల వరసలో చివరి ఇంట్లో ఉండే టైమాఫీసు గుమాస్తా. నా మీద కంపెనీ ఇచ్చిన మెమో రాసింది కూడా ఇతనే. నన్ను అంత పద్ధతిగా తిట్టినవాడు కంపెనీని కూడా అంతే పద్ధతిగా తిట్టగలడని పిలిపించాను. ఇందులో గట్టి మాటలు నావి, మర్యాదలు అతనివి.

1. మనవి చేసుకొనునది ఏమనగా, సదరు ఫ్యాక్టరీకి ఆసుపత్రుల నుంచీ హోటళ్ల నుంచీ దుప్పట్లు వస్తాయి. నా కోడలి పని తడి దుప్పటి అంచు రెండు చేతులా పట్టి వేడి రోలరు కిందికి అందించడం. రోలరు ముందు ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే మిషను ఆగాలని దాన్ని పెట్టారు. దుప్పటి తగిలినా ఆగుతోంది, పని సాగడం లేదని సూపర్‌వైజరు దాన్ని చిరుగు పీలికతో పైకి కట్టేశాడు.

ఇక్కడ గుమాస్తా కలం ఆపి, “కట్టేశాడు అని కాదు పెద్దమ్మా, సదరు కడ్డీ నిష్క్రియం చేయబడినది అని రాద్దాం” అన్నాడు. కట్టేశాడు అనే రాయమన్నాను. నిష్క్రియం చేయబడితే చేసినవాడు కనపడడు.

కడ్డీ పైన ఉంది, చెయ్యి లోపలికి పోయింది. బొటనవేలు, పక్కన రెండు వేళ్లు, అరచెయ్యి కాలిపోయాయి. మర్నాడు తమరి తనిఖీ ఉందని ఆ సాయంత్రమే పీలిక విప్పారు. తమరు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే బాగుండేది. తమరి కారు గేటు దాటగానే మళ్లీ కట్టారు. కింద పడిన దారపు పోగులు ఊడ్చింది నేనే కనుక నాకు తెలుసు.

2. కాలిన వెంటనే నా కోడలి చెయ్యి కుళాయి కింద పెట్టి, మందుల పెట్టె తాళం తియ్యమని సూపర్‌వైజరును అడిగాను. జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయిస్తున్నాను.

“రేపు తనిఖీ ఉంది పెద్దమ్మా. పెట్టెలో అన్నీ నిండుగా ఉండాలి. ఒక్క ట్యూబు తగ్గినా నా మెడకు చుట్టుకుంటుంది.”

“మరి ఆ మందు ఎవరికిరా నాయనా?”

“తనిఖీకి.”

అందుమీదట బట్టల బండి ఇనుప పిడితో తాళం పగలగొట్టాను. ట్యూబు నొక్కితే గాలి వచ్చింది. మందు ఎప్పుడో ఎండిపోయింది. ఎవరూ వాడకుండా అంత జాగ్రత్తగా కాపాడారు. మర్నాడు తమరు కొత్త తాళం చూసి, పెట్టె చాలా బాగా నిర్వహిస్తున్నారని మెచ్చుకున్నారు. నేను చీపురు పట్టుకుని తమరి వెనకాలే ఉన్నాను.

3. పెట్టె పక్కనే ఆరోగ్య గది. గోడ మీద కళ్లు మూసుకుని నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ ఉంటుంది, ఆవిడకు పని లేనట్టుంది. ఒక మంచం. దాని పరుపు మీది ప్లాస్టిక్ కాగితం కొన్న నాటి నుంచీ తియ్యలేదు, ఆ కాగితం మీద దుమ్ము తుడవడం నా పనుల్లో ఒకటి. దుప్పట్ల ఫ్యాక్టరీలో ఆ మంచానికి దుప్పటి లేదు. నా కోడలు కళ్లు తిరుగుతున్నాయంటే దాని మీద పడుకోబెట్టాను. ప్లాస్టిక్ చిరిగింది. మెమోలో నా నేరాలు ఇలా ఉన్నాయి: తాళం ధ్వంసం చేయుట, మంచమును వాడుకొనుట, తోటి ఉద్యోగిని పనివేళల్లో విశ్రాంతికి ప్రేరేపించుట. మూడూ చేశాను. మూడోది మళ్లీ చేస్తాను.

4. అసలు బాధ ఇది. ఆసుపత్రి వారు, పనిలో జరిగిన ప్రమాదమని కంపెనీ కాగితం ఇస్తే వైద్యం మొత్తం బీమా కింద చేస్తామన్నారు. కాగితం కోసం మేనేజరు దగ్గరికి వెళ్లాను. అతను మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు.

“ఆ రోజు మీ కోడలు డ్యూటీకి రాలేదమ్మా.”

“నా పక్కనే నడిచి వచ్చింది గదయ్యా.”

“వచ్చేటప్పుడు ఒక వేలిముద్ర, వెళ్లేటప్పుడు ఒకటి. రెండూ పడితేనే హాజరు. ఆమెది ఒకటే పడింది. ఒకటే పడితే మిషను రానట్టే లెక్క వేస్తుంది.”

“వెళ్లేటప్పుడు వేలికి చర్మం లేదు. ముద్ర ఎక్కడినుంచి తెస్తుంది?”

“నాకు అర్థమవుతుంది పెద్దమ్మా. మిషనుకు అర్థం కాదు.”

“అర్థమైనవాడివి నువ్వు రాయి.”

“నేను చేత్తో రాస్తే తప్పుడు రికార్డు అవుతుంది. రికార్డుల విషయంలో మా కంపెనీకి చాలా మంచి పేరుంది. రాని మనిషికి ఇక్కడ చెయ్యి ఎలా కాలుతుంది చెప్పండి? ఇంట్లో పొయ్యి దగ్గర కాలి ఉంటుంది.”

అయ్యా, మా ఇంట్లో వంట చేసేది నేను. నా కోడలు పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుందంటే మా ఇరుగుపొరుగు కూడా నమ్మరు.

ఎడమచేతి వేలు మిషనుకు ఎక్కించమని అడిగాను. అలా ఎక్కించాలంటే ముందు కుడిచేతి వేలు పెట్టి తానే ఆ మనిషినని రుజువు చేసుకోవాలట. ఈలోగా అది కట్టు కట్టుకుని రోజూ గేటు దాకా వచ్చి, మిషను ముద్ర తీసుకోక వెనక్కి పోతోంది. రోజూ గైరుహాజరే పడుతోంది. గైరుహాజరు ఎక్కువైతే పేరు తీసేస్తారు, పేరు తీసేస్తే బీమా కార్డు పోతుంది. ఆ గైరుహాజరు వేస్తున్నవాడు ఈ అర్జీ రాస్తున్నవాడే. ఈ వాక్యం వద్దని బతిమాలాడు. రాయమన్నాను, రాశాడు. అంతవరకు మంచివాడే.

5. నా కోడలంటే నాకు ముద్దని రాయించడం లేదు. మాకు పడదు. అది నోరు విప్పితే నాకు తలనొప్పి, నేను విప్పితే దానికి. ఆ ఫిర్యాదు వినే ఆఫీసు వేరే ఉంటే అక్కడికి విడిగా రాయిస్తాను. కానీ ఇప్పుడు పొద్దున్నే దువ్వెన పక్కన పెట్టుకుని నాకు వీపు చూపించి కూర్చుంటుంది. వెయ్యమని అడగదు. నేను జడ వేస్తాను. చర్మం తీసి అతికించడం ఆలస్యమైతే వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఇక తెరుచుకోవని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి ఇంట్లో అది నన్ను ఎదిరించడం మానేసింది. నాకు భయం వేస్తున్నది అందుకే.

కావున కోరునది ఏమనగా, తమరే స్వయంగా విచారించి, నా కోడలు ఆ రోజు డ్యూటీలో ఉన్నదనీ, అక్కడే కాలిందనీ తమరి చేత్తో ఒక కాగితం రాసి ఆసుపత్రికి పంపవలెను. నా మెమో ఉండనివ్వండి, దాని సంగతి నేను చూసుకుంటాను. ఈసారి తనిఖీకి చెప్పకుండా రావలెను. ఇది చిత్తగించవలెను, చిత్తగించాక కుర్చీలోంచి లేవవలెను.

తమ విధేయురాలు
(ఈ మాట గుమాస్తాది. నేను వేసింది కింద ఉన్న వేలిముద్ర మాత్రమే.)

తా.క.: రేపు పొద్దున్న నా కోడల్ని తమరి దగ్గరికే పంపుతున్నాను. కట్టు విప్పి చూపిస్తుంది, తమరు ముఖం తిప్పుకోకుండా చూడండి. తమరి ఆఫీసు గుమ్మం దగ్గర కూడా అదే వేలి మిషను పెట్టారని గుమాస్తా ఇప్పుడే చెప్పాడు. దయచేసి తమరే బయటికి వచ్చి నా కోడల్ని లోపలికి తీసుకెళ్లండి. లేకపోతే అది రాలేదని తమరూ రాసుకుంటారు.