ఆయన నోటితో పలికే స్వరం

కీబోర్డుల డాక్టరమ్మ అని ఈ వీధి పిలిచే నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి చెక్కుచెదరకుండా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసిన వీలునామా ఇది. నా బుర్ర మీద అనుమానం ఉన్నవాళ్ళు పాడైన కీబోర్డు ఒకటి పట్టుకుని రావచ్చు. సాయంత్రానికి పలికించి పంపుతాను.

1. నా స్వార్జితమైన ఈ ఇంటిని, వీధివైపు గదిలోని రిపేరు షాపుతో సహా, నా భర్త తన జీవితకాలమంతా అనుభవించవలెను. తదనంతరం అది నా కూతురికీ కొడుకుకీ సమానంగా చెందవలెను. ఇందులో ఎక్కువ తక్కువల్లేవు, వెతికి కష్టపడకండి.

2. మా తోటికోడలికి నా షాపులోని చిన్న స్టూలు. ఆడదానికి స్క్రూడ్రైవరెందుకని నలుగురిలో నవ్విన ఆవిడే, కీబోర్డు మీద టీ ఒలకబోసుకుని మళ్ళీ మళ్ళీ నా దగ్గరికే తెచ్చింది. ఇకమీదట కప్పు ఆ స్టూలు మీద పెట్టుకోవలెను. బాగుచేసేందుకు నేనుండను.

3. నా పనిముట్లన్నీ, మెడ వంచే దీపంతో సహా, నా కూతురికి. దాని చెయ్యి నాకన్నా తేలిక. నోరు మాత్రం కాదు.

4. నా ఉన్ని శాలువా నా కొడుక్కి. చిన్నప్పుడు షాపులో బల్ల కింద అది కప్పుకునే నిద్రపోయేవాడు. పెద్దవాడినయ్యానని వాడనుకుంటాడు, నేననుకోను.

5. ఇక హాల్లోని డిజిటల్ పియానో. మీటలన్నీ నా కొడుకువి. వాటి కింద ఉండే రబ్బరు పట్టీలన్నీ నా కూతురివి. ఒకటి లేకుండా రెండోది చెత్తబుట్టకు కూడా బరువేనని తెలిసే రాస్తున్నాను.

ఎందుకో ఇద్దరికీ తెలుసు, లాయరుకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో ఒక మీట తడబడుతుంటే, నేను లేని పూట మావాడు పియానో విప్పాడు. రబ్బరు అడుగున ఉండే నల్లటి పూతను మురికి అనుకుని ఉప్పుకాగితంతో శుభ్రంగా గీకేశాడు. ఆ పూత బోర్డుకు తగిలితేనే స్వరం. పూత పోయింది, మీట మూగబోయింది. దానికి వాళ్ళక్క, వాడి కాబోయే అత్తమామల ఎదుటే, అవి చేతులా రోకళ్ళా అంది. వాడు లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎడమొహం పెడమొహం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నా కడుపున ఇద్దరు పుట్టారు.

నేను బాగుచేయలేక ఊరుకోలేదు. పాడుచేసిన చెయ్యీ, పాడుచేసిన నోరూ కలిసి బాగుచేయాలని పట్టుబట్టాను. నా భర్త కూడా సరేనన్నారు. రోజూ ఆ పియానోనే వాయిస్తూ, మూగబోయిన ఆ స్వరం వచ్చిన చోటల్లా నోటితో పలుకుతున్నారు. ఆయనకు విసుగు రాలేదు. విన్నప్పుడల్లా నేనే చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టేస్తున్నాను.

6. పద్ధతి: కొత్త పట్టీ ఎక్కడా దొరకదు. ఎడమ పక్కన, ఆయన చెయ్యి వెళ్ళని చోట, అదే కొలత పట్టీ ఉంది. దాన్ని మధ్యకు తెచ్చి, పాడైనదాన్ని అక్కడ పెట్టవలెను. బోర్డును స్పిరిట్‌తో తడిపిన మెత్తని గుడ్డతో తుడవవలెను. ఉప్పుకాగితం గడప దాటి రాకూడదు. మీటల చట్రం ఒక్కరు ఎత్తితే విరుగుతుంది. దాన్ని నిలబెట్టి, ఒకరు పట్టీ ములుకుల్ని బోర్డు కన్నాల్లోకి నొక్కుతుంటే, ఇంకొకరు వెనకనుంచి చూసి ఏది బయటికి వచ్చిందో, ఏది రాలేదో చెప్పాలి. చెప్పాలంటే నోరు తెరవాలి. అంతకుమించి నేనేమీ అడగడం లేదు.

7. పక్కింటి దర్జీని ఈ వీలునామాకు అమలుకర్తగా నియమిస్తున్నాను. మా మధ్య గోడ పలచన. రోజూ సాయంత్రం ఆయన కాసేపు మిషను ఆపి వినవలెను. ఆ స్వరం దగ్గర నా భర్త నోరు మెదపని రోజున, ఇది అమలైనట్టు రాసి ఫైలు మూసేయవలెను. అంతదాకా తెరిచే ఉంచవలెను. మూస్తారు. నా పిల్లలు నాకు తెలుసు.

తేదీ: మార్చి పద్నాలుగు, మంగళవారం.

సంతకం: కీబోర్డుల డాక్టరమ్మ

సాక్షులు: ఎదురు మందుల షాపు యజమాని, కొరియర్ ఆఫీసు గుమాస్తా.

మేమిద్దరం చూస్తుండగా ఆమె సంతకం పెట్టారు. అప్పుడు హాల్లో పియానో మోగుతోంది. ఒక స్వరం దగ్గర మాత్రం మనిషి గొంతు వినిపించింది. ఆమె సంతకం మధ్యలో ఆగి, అది విని, పూర్తిచేశారు. మేమూ విన్నాం.