ఆపని కెమెరా

మిన్నెసోటా, బుధవారం

లొరేన్ హేగెడార్న్ గారికి,

మన అయిదు ఊళ్ల కమిటీకి పెద్ద మీరే కాబట్టి ముందు మీకు చెబుతున్నాను. నిన్న జనాన్ని బయటికి పంపేసి, కేబుల్ కంపెనీతో కొత్త ఒప్పందం బేరంలో ఏం వదులుకోవచ్చో మీరంతా మాట్లాడుకున్నారు కదా. నేను కెమెరా ఆపడం మరిచిపోయాను. మాటలన్నీ మన ఊళ్ల టీవీ ఛానెల్లో ప్రసారమైపోయాయి.

ఆ ఛానెల్ ఎవరు చూస్తార్లే అని మీరు నవ్వుతుంటారు. పొద్దున మా అమ్మ ఫోన్ చేసి, "కంపెనీ గట్టిగా పట్టుబట్టితే మీ ఛానెల్ స్టూడియోని కమిటీ వదులుకుంటుందటగా, మరి నీ ఉద్యోగమో?" అంది.

దయచేసి కంపెనీతో రేపటి చర్చలు వాయిదా వేయించండి. కారణం ఇంకెవరికీ చెప్పకండి.

ఇందాక కాగితాలివ్వడానికి కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. తలుపు దగ్గర కూర్చునే అమ్మాయి నవ్వి, "నిన్న సౌండు చాలా చక్కగా వచ్చిందండీ" అంది.