నోటితో కడిగిన చేతులు

అక్కయ్యా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

నా మెడికల్ విద్యార్థులు నిన్న మొదటిసారి తరగతి గది వదిలి వార్డులోకి వెళ్లారు. అందరికంటే బాగా చదివే అమ్మాయి మంచం పక్కన నిలబడి, "చేతులు కడుక్కున్నాను" అని పైకి చెప్పి, నేరుగా కట్టు విప్పబోయింది. రోగి ఒక దర్జీ. "ఎప్పుడమ్మా? వచ్చినప్పటినుంచీ చూస్తున్నా, నువ్వు పంపు దగ్గరికే పోలేదు" అన్నాడు. పిల్ల మొహం చిన్నబోయింది. తప్పు దానిది కాదు. తరగతిలో రోగి బదులు బొమ్మ మీద నేర్పేటప్పుడు, టైము చాలదని, కడుక్కున్నట్టు నోటితో చెబితే చాలు, మార్కు వేస్తానన్నది నేనే.

అమ్మ కంటి ఆపరేషనుకి వస్తున్నానని ఫోనులో మూడుసార్లు చెప్పిందీ నేనే. చెప్పగానే వచ్చేసినట్టు నాకు అనిపించింది కాబోలు, రానేలేదు. ఆసుపత్రిలో నువ్వొక్కదానివే కూర్చున్నావు.

చుక్కల మందు ఎవరు వేస్తున్నారు? అమ్మ కన్ను నలుపుకోవడం లేదు కదా? నల్ల కళ్లజోడు పెట్టుకోనంటే నేను కోప్పడ్డానని చెప్పు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

శనివారం బండికి టికెట్టు తీసుకున్నాను. అమ్మకి మాత్రం చెప్పకు. ఈసారి నేను గుమ్మంలో కనబడ్డాకే తెలియనీ.

నీ చెల్లి