మూడో డబ్బా

ఏమండీ,

మీరు వెళ్ళిపోయి ఇవాళ్టికి ఏడాది. జీపీఎస్ పట్టుకుని వచ్చే కొత్తవాళ్ళు వెతుక్కోవాలని మీరు యానాంలో దాచిన మూడు డబ్బాల్లో రెండింటిని నేనే చూసుకుంటున్నాను. ఫిల్మ్ డబ్బాలో కాగితం మార్చాను, టిఫిన్ డబ్బాకి కొత్త మూత పెట్టాను. రేవు మెట్ల దగ్గరి మూడోది మాత్రం ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. పోయిందని ఇంటర్నెట్‌లో రాయించేద్దామనుకుని, పొద్దున్న చివరిసారి వెళ్ళాను.

రేవులో చేపలమ్మే సత్యవతి నవ్వింది. "ఆయ్, పోటు మీదొచ్చి వెతికితే ఏం కనపడుద్దండీ? మేష్టారు నీళ్ళు తీసేసిన పాటులో పెట్టుంటారు. సాయంత్రం రండి."

సాయంత్రం నీళ్ళు తీశాక, అడుగు మెట్టు సందులో కనిపించింది. రోజూ పోటుకి మునిగే చోట దాచారు, గోదారి ఒడ్డున ఇన్నేళ్ళుండి! రబ్బరు మూత గట్టిది కాబట్టి కాగితం తడవలేదు. పెన్సిలుతో మీ రాత: "కనిపెట్టినవాళ్ళు పేరు రాసి, డబ్బా ఇక్కడే ఉంచండి."

కాగితం ఇంటికి తెచ్చుకోవాలనిపించింది. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"పోటొచ్చేత్తందండీ!" అని సత్యవతి కేకేసింది.

మీ రాత కింద నా పేరు రాసి, మూత బిగించి, ఆ సందులోనే పెట్టేశాను. ఇంటర్నెట్‌లో పోయిందని రాయించలేదు. పాటు మీద రమ్మని మాత్రం రాయించాను.

మీ
సుగుణ