ఆ యావ్ ఎవరు?

టెచిమన్,
గురువారం.

అమ్మా అఫ్రియే,

మీ నాన్న దీవెనలు. ఇక్కడ మేకలతో సహా అందరం క్షేమం. మీ అమ్మ కూడా క్షేమమే కాని, వారం నుంచి నాకు ఉప్పు లేని సూప్ పోస్తోంది. కారణం ఉంది, దాని దగ్గరికే వస్తున్నా.

మోకాలి సంగతి అడిగావు. వాన కబురు రేడియో కంటే ముందు అదే చెబుతోంది. నీ పుస్తకం చదివానా అనీ అడిగావు. చదివాను. లారీల నుదుటి రాతలు చూసి అక్షరాలు నేర్చినవాణ్ణి కదా, వాక్యం పొడుగైతే హారన్ కొట్టాలనిపిస్తుంది. అయినా పూర్తి చేశాను. అందులో కూతురు రాసిన కథ చించి, పెళ్లాం వేయించిన అరటికాయ ముక్కలకు పొట్లాలు కట్టిన యావ్ దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. ఆ యావ్‌కు అక్షరం ముక్క రాదని దయతలిచి రాశావు. నాకు వచ్చునని నీకూ తెలుసు.

గురువారం పుట్టిన మగవాడల్లా యావే కాబట్టి ఎవరూ పోల్చుకోలేరనుకున్నావు, పిచ్చితల్లీ. నీకు బహుమతి వచ్చాక ఊరంతా ఒకటే ప్రశ్న, ఏ యావ్ అని. పోయిన వారం రేడియో అమ్మాయి వచ్చి మైకు మూతి దగ్గర పెట్టింది.

"తాతా, ఆ పొట్లాల యావ్ మీరేనా?"

నోరు నాకంటే ముందు పరుగెత్తింది. "నేనా! మా పక్కింటి యావ్ అంపోఫో అమ్మా. వాడికి చదువంటేనే గిట్టదు."

ఇప్పుడు బజార్లో పిల్లలు అతని వెంటపడి, "పొట్లాల యావ్, రెండు పొట్లాలియ్యి!" అని అరుస్తున్నారు. మీ అమ్మ నా సూప్‌లో ఉప్పు మానేసింది అందుకే.

పొట్లాలకు పోయిన నీ కథ కాగితాలు మళ్లీ నీ దిండు కిందికి మీ అమ్మ చేర్చిందని రాశావు. కాదమ్మా. ఆ సాయంత్రం పొట్లాలన్నీ కొన్నది అంపోఫో. ముక్కలన్నీ తిని, నూనె తుడిచి, కడుపు పట్టుకుని మనింటికి వచ్చి ఆ కాగితాలు ఇచ్చిపోయాడు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను.

"ఏరా, మూతి అట్లా పెట్టావేం? ఆ రోజు నీ అరటికాయలు తిన్నా, ఇవాళ నీకు పడాల్సిన చీవాట్లు తింటున్నా. కడుపు అదేగా!" అని నవ్వి కుర్చీ వేశాడు. తిట్టి ఉంటే కూర్చునేవాణ్ణి.

వచ్చే నెల మన బడిలో పుస్తకం చదవడానికి వస్తున్నావు. ఏ యావ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వి దాటేయకు. నేనే లేచి చెప్పాలని ఉంది కాని, మైకు చూస్తే నా నోరు ఎటు పరుగెత్తుతుందో నమ్మకం లేదు. అందుకని నీ కథకంటే ముందు ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించు. ముందు వరసలో, అంపోఫో పక్కనే కూర్చుంటాను.

కాగితం జాగ్రత్త తల్లీ.

ఇట్లు,
మీ నాన్న,
పొట్లాల యావ్