ఏ సాలు పొద్దు ఆ సాలుదే

మద్రాసు,
14-11-1987

పున్నమ్మ పిన్నికి వందనాలు.

పాస్టరమ్మగారు చదివి వినిపిస్తారని తేలిక మాటల్లోనే రాస్తున్నాను.

నా రీసెర్చి ఒక గాజు పలక మీద పడే వెలుగు గురించి. ఆ పలక నిండా పత్తిచేలో సాళ్లలా వేలకొద్దీ సన్నటి గీతలు. అన్నిటినీ లెక్కకట్టడం కంప్యూటరు వల్ల కాదు. వెలుగు నిటారుగా పడితే ఒక్క సాలు లెక్క చాలు, మిగతావీ అంతే. ఏటవాలుగా పడితే పక్క సాలుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఒక్క సాలుతోనే లెక్క తేల్చాలంటే, పక్క సాలులో ఇంకా జరగనిది నాకిప్పుడే తెలియాలి! ఆరు నెలలు అక్కడే ఆగిపోయాను. మొన్న శుక్రవారం సారు ఇక వదిలెయ్యమన్నారు.

ఆ సాయంత్రం నువ్వు గుర్తొచ్చావు. పత్తి తీతలో మీరంతా ఒకరికంటే ఒకరు కాస్త వెనగ్గా, ఏటవాలుగా సాగేవాళ్లు. నిన్ను అందుకోవాలని నేను ఉరికితే, "ఒరేయ్, పక్క సాలు చూడమాక. నువ్వు దిగినప్పుడే నీ సాలుకు పొద్దు పొడిచిందనుకో" అని కసిరావు.

అలాగే చేశాను. ఏ సాలుకు వెలుగు తాకితే అప్పుడే దాని గడియారం మొదలుపెట్టాను. సాళ్లన్నీ ఒకటే అయిపోయాయి. ఒక్క సాలు లెక్కే చాలింది.

అయినా, మీరెందుకలా ఏటవాలుగా నడిచేవాళ్లు పిన్నీ?

థీసిస్‌లో నీ పేరు రాస్తున్నాను. చేలో పిలిచే పున్నమ్మ అని రాయనా, బాప్తిస్మంలో పెట్టిన సంతోషకుమారి అని రాయనా? త్వరగా చెప్పు. ఒకసారి అచ్చయ్యాక మార్చడం కుదరదట.

నీ అక్క కొడుకు