చెక్క వెనక చెయ్యి

చిలకలూరిపేట

తమ్ముడు చైతన్యకి అక్క వెంకటరావమ్మ దీవెనలు.

ఫోనులో చెబితే మీ బావ వింటారని రాస్తున్నాను. ఆయన కుడి అరచేతిలోంచి సీసం గుండు దూసుకుపోయింది. ఎముక నుగ్గయింది. ఆ చేత్తో ఇక పని చెయ్యలేరని డాక్టరు చెప్పేశాడు.

ఈ ఇంటి ఆచారం నీకు తెలుసు. తను చేసిన ఎయిర్ గన్ కొనేవాడి చేతికిచ్చి, మీ బావ వేప చెక్క ఎత్తి పట్టుకుని, దాని వెనక అరచెయ్యి ఆనించి "కొట్టండి" అంటారు. గుండు చెక్కలో ఆగితేనే అమ్మకం. మామగారూ అంతే. జొన్నచేల మీద చిలకల్ని బెదరగొట్టాలి గానీ ప్రాణం తియ్యకూడదని వీళ్ల పట్టుదల. ఆ పట్టుదలే కొంప ముంచింది. రైతులిప్పుడు మైకులో పులి గాండ్రింపులు పెట్టుకుంటున్నారు. తిరునాళ్లలో బెలూన్లు కొట్టించే వాళ్లు బయటి తుపాకులు తెప్పించుకుంటున్నారు. తుపాకులు చేసే షెడ్డులో మీ బావా, పిచ్చుకలూ మిగిలారు.

ప్రేమ్‌చంద్ అనే మిరప రైతు, చేలో పడే అడవి పందుల్ని పడగొట్టే తుపాకీ కావాలని ప్రాణం తీశాడు. "మీ తుపాకీ చూసి పందులు నవ్వుతున్నాయి బాబాయ్" అని నలుగురిలో ఎగతాళి చేశాడు. కొత్త తుపాకీ ఇంటికి పట్టుకెళ్లి, గురి కుదరలేదని మర్నాడే తెచ్చాడు. మీ బావ సరిచేసి, మళ్లీ చెక్క పట్టుకున్నారు. వాడు కొట్టాడు. చెక్క చీలింది, చెయ్యి చీలింది. గుండు జోరు పెరగాలని మధ్యలో వాడే ఎక్కడో గట్టి స్ప్రింగు వేయించి ఉంటాడు, ఇంకెవరు వేస్తారు? ఈయన నెత్తుట్లో కూలబడితే, వాడు నవ్వాడు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చి నేను కళ్లారా చూశాను.

మీ బావ కేసు వద్దంటున్నారు. నాకు వాడి చెయ్యి కావాలి. నా వెనక పుట్టినవాడివైతే రా.

నీ అక్క,
వెంకటరావమ్మ

* * *

జైల్లో ఉన్న నా తమ్ముడికి,

అడిగిందే చేశావు. మిరప కల్లంలో వాడు మోకాళ్ల మీద పడి "నేనేం చెయ్యలేదన్నా" అని మొత్తుకుంటున్నా, గడ్డపారతో వేళ్లు చితక్కొట్టావు. ఆ ఎర్రటి కాయల మీద నెత్తురు కూడా తెలియలేదట.

సంగతి వినగానే మీ బావ లేచి, ఎడం చేత్తో నా చెంప పగలగొట్టారు. పెళ్లయ్యాక ఇదే మొదలు. తర్వాత ఆయనే ఏడ్చారు.

"గురి సరిచేసేటప్పుడు ఆ స్ప్రింగు వేసింది నేనే. షెడ్డుకి తాళం పడేట్టుంది, అందుకని వేశాను. వాడు అడిగిందే ఇచ్చాను."

"మరి చెయ్యెందుకు పెట్టారండీ? ఆ ఒక్కరోజు మానేస్తే ఏం పోయేది?"

"నేను చేసిన తుపాకీకి నేను పెట్టకపోతే ఇంకెవరు పెడతారే? చెక్క ఆపుతుందేమోనని ఆశ కూడా ఉంది. ప్రేమ్‌చంద్ వద్దనే మొత్తుకున్నాడు. చెయ్యి తియ్యండి బాబాయ్ అన్నాడు. నేనే గద్దించి కొట్టించాను."

నవ్వాడని రాశాను కదా. వాడి మూతి భయంతో వంకర పోయింది తమ్ముడూ. నా కోపానికి అది నవ్వులా కనపడింది. షెడ్డులో ఉన్న తుపాకులన్నీ సమ్మెటతో విరగ్గొట్టాను. మీ బావ అడ్డు రాలేదు.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. ప్రేమ్‌చంద్‌కి వాళ్లావిడ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. ఇంట్లో నేనూ అదే చేస్తున్నాను. గుమ్మం దాటి లోపలికి వెళ్లలేకపోయాను.

రేపు స్టేషనుకి వెళ్లి, కొట్టించింది నేనేనని చెబుతాను. నువ్వు కాదనకు. నన్ను లోపల వేస్తే మీ బావకి అన్నం ఎవరు తినిపిస్తారో మాత్రం తెలియటం లేదు.

నిన్ను చెడగొట్టిన
అక్క